ఒక గమేళా సున్నం

పలాస నుంచి టెక్కలి వైపు వస్తూ హైవే దిగి, కొబ్బరితోటల్లోంచి ఓ రెండు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక పాత సత్రం కనిపిస్తుంది. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు బయటపడితే ఆదివారాలు బైకులేసుకుని వచ్చి స్తంభాల మీద పేర్లు చెక్కుతారని ఊరివాళ్ల భయం. అప్పటికే చెక్కిన పేర్లు చూశాక ఆ భయం సబబేననిపించింది.

ఎదర వసారా, ఆరు రాతి స్తంభాలు, వెనక రెండు గదులు, పక్కన ఒక నుయ్యి. రెండడుగుల మందం ఇటుక గోడలు, వాటికి సున్నం పూత, పైన పెంకు. రైలు రాకముందు జగన్నాథుణ్ణి చూడ్డానికి జనం పూరీకి నడిచే వెళ్లేవారు. ఆ బాట పొడుగునా ఇలాంటి సత్రాలు, నూతులు ఉండేవి. చాలా చోట్ల సత్రం పోయి పేరు మాత్రం మిగిలింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర్లో తీరం దాటింది. ఇక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు వరసగా నేలకొరిగాయి. సొంత ఇంటి పైకప్పు పోయినవాడు సత్రం పెంకు గురించి ఆలోచించడు. మేం 2022లో వెళ్లేసరికి నాలుగు వానాకాలాల నీళ్లు గోడల్లోకి దిగి ఉన్నాయి. వాయవ్యం మూల రావిమొక్క నా ఎత్తున పెరిగింది. ఒక గదిలో వరిగడ్డి, ఇంకో గదిలో వినాయక చవితి పందిరి సామాను.

నేను శ్రీకాకుళంలో ఉంటాను. పాత కట్టడాల మరమ్మతులకి చందాలు పోగుచేయడం, ఆ కట్టడం గురించి చుట్టుపక్కలవాళ్లకి చెప్పడం నా పని. మాది నలుగురైదుగురు మనుషుల చిన్న సొసైటీ. తాపీ పని నాకు రాదు, ఇంజినీరునీ కాను. అందుకని ఇందులో గోడ గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు కాగితాలు చూశాం. సత్రం దేవాదాయ శాఖ రిజిస్టరులో ఉంటే అనుమతుల దారి ఒకటి, లేకపోతే ఇంకొకటి. ఇది ఆ రిజిస్టరులో లేదు, స్థలం గ్రామకంఠం. పంచాయతీ తీర్మానం తీసుకున్నాం. పురావస్తు చట్టాల సంగతి కూడా చూడాల్సి వచ్చింది. శ్రీముఖలింగం ఆలయాల్లాంటివి 1958 నాటి కేంద్ర చట్టం కింద రక్షిత కట్టడాలు. వాటి చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లలో ఏం కట్టాలన్నా అనుమతి కావాలి. రాష్ట్రానికి 1960 నాటి చట్టం ఉంది. మన సత్రం ఏ జాబితాలోనూ లేదు. అంటే దాన్ని కాపాడే చట్టం లేదు, బాగుచేయొద్దని ఆపే చట్టమూ లేదు. మాకు రెండోది కలిసొచ్చింది.

పేరున్న కట్టడాల సంగతి వేరు. విజయనగరం కోట 1713 నాటిదని పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కోట లోపల కాలేజీలు నడుస్తున్నాయి, రోజూ జనం తిరుగుతారు, పెచ్చు ఊడితే ఎవరో ఒకరి కంట పడుతుంది. విజయనగరంలో గురజాడ ఇల్లంటే ఆటోవాడు తిన్నగా తీసుకెళ్లి దింపుతాడు. బొబ్బిలి యుద్ధ స్తంభానికి ఒక కథ ఉంది. మా సత్రానికి రాజు లేడు, యుద్ధం లేదు, కవి లేడు. ఎవరో కట్టారు, ఎవరెవరో పడుకుని లేచి వెళ్లిపోయారు. దీనికి డబ్బెందుకివ్వాలో చెప్పడం అనుకున్నంత తేలిక కాదు.

తేలికేననుకుని మొదట బోర్లాపడ్డాం. అంచనా 6 లక్షల 40 వేలు వచ్చింది. రంగుల కరపత్రం అచ్చు వేయించాం. మీద సత్రం ఫొటో, కింద ‘మన వారసత్వ సంపదను పరిరక్షించుకుందాం’ అని పెద్ద అక్షరాలు, లోపల ‘ప్రాచీన కట్టడముల ప్రాశస్త్యము’ గురించి రెండు పేరాలు. ఆ పేరాలు రాసింది నేనే. ఊళ్లోనూ పక్క ఊళ్లలోనూ ఆరువందల కాపీలు పంచాం. రెండు నెలల్లో వచ్చింది 4,300 రూపాయలు. అందులో వెయ్యి మా సొసైటీ కోశాధికారిది.

డబ్బు రాకపోతే రాకపోయింది, జనం మమ్మల్ని చూసి మొహం తిప్పుకోవడం మొదలెట్టారు. ఎందుకో అర్థం కాలేదు. చివరికి టీకొట్టు దగ్గర ఒక ముసలాయన నోరు విప్పాడు.

“ఏటమ్మా, ఆ వారసులెవులో ఒచ్చీసినారట గదా? కోర్టుకెల్తారేటి?”

కరపత్రంలో ‘వారసత్వం’ అన్న మాట చదివి, సత్రం కట్టించినవాళ్ల వారసులు భూమి కోసం దిగారనీ మేం వాళ్ల తాలూకు మనుషులమనీ ఊరు తీర్మానించేసుకుంది. తప్పు వాళ్లది కాదు. పల్లెలో వారసత్వం అంటే ఆస్తి పంపకం, దావా, అన్నదమ్ములు మాట్లాడుకోకపోవడం. ‘హెరిటేజ్’ అనే ఇంగ్లీషు మాటకి నిఘంటువులోంచి అర్థం ఏరి తెచ్చి అచ్చేసుకున్నది మేమే. సత్రం వెనక కళ్లాలున్న ఇద్దరు రైతులు అప్పటికే తహసీల్దారు ఆఫీసుకి వెళ్లి అడంగలు నకళ్లు తెచ్చుకున్నారని తర్వాత తెలిసింది.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ఆయన జిల్లాలో నేను ‘కట్టడముల ప్రాశస్త్యము’ అని రాసి పంచాను. మిగిలిన కాపీలు ఆ టీకొట్టుకే ఇచ్చేశాను. పకోడీలు చుట్టడానికి పనికొచ్చాయి.

ఆ తర్వాత నాలుగు నెలలు ఎవర్నీ రూపాయి అడగలేదు. సొసైటీలో ఇది గొడవైంది. అంచనాలు పెరిగిపోతాయి, ఇంకో వానాకాలం వస్తుంది అన్నారు. నిజమే. అందుకే ఉన్న కాస్త డబ్బుతో గోడల నెత్తిన టార్పాలిన్ కట్టించి, రావిమొక్కని మొదలుదాకా నరికించాం. లాగితే వేళ్లతోపాటు ఇటుకలొస్తాయి కాబట్టి లాగనివ్వలేదు. ఆ మాటు వానాకాలం టార్పాలినే కాచింది. మేం సత్రం గురించి అడుగుతూ తిరిగాం. చెప్పడం మానేసి అడగడం మొదలెట్టాక మనుషులు కుర్చీలు వేశారు.

సత్రం గుమ్మానికి ఎడమ పక్క గోడలో ఒక రాతిపలక ఉంది. ఉందని అందరికీ తెలుసు, దాని మీద రాతలున్నాయని ఎవరికీ తెలీదు. ఏటా పండగకి కొట్టిన సున్నం పొరలు పొరలుగా పేరుకుని, ఆ పైన ఎవరో పుణ్యాత్ముడు నీలం ఎనామిల్ పెయింటు వేశాడు. ఊళ్లో హైస్కూలు తెలుగు మాస్టారు ఉత్సాహవంతుడు. ఆయన తరగతి పిల్లలు ఎనిమిదిమందికి వెదురుపుల్లలు, మెత్తటి బ్రష్షులు, నీళ్లు ఇచ్చాం. ఇనప బ్రష్షు, యాసిడ్ ముట్టుకోకూడదని ముందే ఒట్టు పెట్టించుకున్నాం. యాసిడ్ పోస్తే పెయింటుతో పాటు రాతిముఖం కూడా పోతుంది. పెయింటు వేలిగోరంత పెచ్చులుగా ఊడింది. ఆరు వారాలు, వారానికి రెండు సాయంత్రాలు. రాయి బయటపడింది కానీ అక్షరాలు కనపడలేదు. అరిగిపోయాయనుకున్నాం. పిల్లల మొహాలు చూడలేకపోయాను.

పగటి వెలుతుర్లో అరిగిన అక్షరం కనపడదు. వెలుగు ఎదురుగా పడితే గుంటా మెరకా ఒకటే అయిపోతాయి. ఈ ముక్క నాకు తెలుసు, ఆ రోజు గుర్తు రాలేదు. వారం తర్వాత గుర్తొచ్చి, చీకటి పడ్డాక రమ్మన్నాను. అది ఆగస్టు 29, గిడుగు పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. పొద్దున స్కూల్లో ఉపన్యాసాలు అయ్యాయి. రాత్రి ఏడున్నరకి సత్రం దగ్గర పిల్లలు, వాళ్ల వెనక తల్లులు, ఇంకా వెనక తాతలు. వీధిలైటు ఆపించాం. ఒక ఫోను టార్చి తీసుకుని రాతికి ఎదురుగా కాకుండా గోడకి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుగు రాతి మీద పాకేట్టు పట్టుకున్నాను.

అప్పటిదాకా బోడిగా ఉన్న రాతి మీద నీడలు లేచాయి. మొదట అడ్డగీతలు. తర్వాత ఒక దీర్ఘం. టార్చిని కాస్త కిందికి దించితే దాని పక్కన ‘ట’ చుట్టు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకత్తి మోకాళ్ల మీద కూర్చుని వేలితో గాల్లో దిద్దుతూ చదివింది: “బా... ట... సా...” ఆగి, “బాటసారుల” అంది. వెనకాల గుంపులో మాటలు ఆగిపోయాయి. ఆ కింద వరసలో ‘నుయ్యి’ అన్న మాట మాస్టారికంటే ముందు ఆ పిల్లే పట్టుకుంది. వెనకనుంచి ఒక ముసలమ్మ, “మరి ఆ నుయ్యి నీలే కదే నాను కాపరానికొచ్చినకాడినుంచి తోడినాను” అంది. వాళ్ల అత్తగారు ఎండాకాలం పూరీ వెళ్లే బైరాగులకి వసారాలో చోడంబలి కుండ పెట్టేదని ఆవిడే చెప్పింది. నేను నాలుగు నెలలుగా అడుగుతున్నాను, అంతవరకు ఎవరూ చెప్పలేదు. అడిగినప్పుడు గుర్తురానిది ఆ వెలుతుర్లో గుర్తొచ్చింది కాబోలు.

గిడుగు రామమూర్తి శ్రీముఖలింగం ఆలయాల్లోని శాసనాల లిపి తనంతట తాను కూడబలుక్కుని నేర్చుకున్నాడనీ, వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ శిథిలాల్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనేననీ మాస్టారు అక్కడే చెప్పారు. పొద్దుటి ఉపన్యాసంలోనూ ఇదే చెప్పారట. పొద్దున ఎవరూ విన్నట్టు లేదు.

పలక మీద దాత పేరున్న వరస పెచ్చులూడిపోయింది. మిగిలిన వాటిలో ముఖ్యమైనది ‘విరోధికృతు నామ సంవత్సర’. ఊరు రెండుగా చీలింది అక్కడే. తెలుగు సంవత్సరాలు అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తాయి. విరోధికృతు అంటే 1851-52 కావచ్చు, 1911-12 కావచ్చు, 1971-72 కూడా కావచ్చు. చివరిది కాదని ముసలమ్మే కొట్టిపారేసింది. మిగిలిన రెండింటిలో ఏది? 1890ల్లో ఈ తీరం వెంట రైలు వచ్చింది. రైలొచ్చాక నడిచేవాళ్ల కోసం సత్రం ఎవడు కట్టిస్తాడు, కాబట్టి 1851 అని ఒక వర్గం. రైలు టిక్కెట్టు కొనుక్కోలేని బైరాగులు తర్వాత కూడా నడిచారు కదా, అంబలి కుండ సంగతేమిటి, 1911 అని ఇంకో వర్గం. టీకొట్టు దగ్గర ఇదే రచ్చ. నన్ను తీర్పు చెప్పమన్నారు. చెప్పలేదు. నిజంగానే తెలియదు కాబట్టి మాత్రమే కాదు, ఆ రచ్చ ఆగిపోవడం నాకిష్టం లేదు. సత్రం ముందు పెట్టిన బోర్డులో రెండు సంవత్సరాలూ, రెండు వాదాలూ రాయించాం.

నెల తిరక్కుండా డబ్బు సంగతి వాళ్లే ఎత్తారు.

ఈసారి 6 లక్షల 40 వేలు కావాలని ఎక్కడా అనలేదు. అంత పెద్ద అంకె వినగానే పల్లెలో మనిషి ‘నా యాభై రూపాయలతో అయ్యేదేముంది’ అనుకుని చేతులు ముడుచుకుంటాడు. సున్నం చీటీలు అచ్చు వేయించాం. ఒక చీటీ 50 రూపాయలు, ఒక గమేళా సున్నం. చీటీ మీద ఇంకేమీ లేదు, గమేళా బొమ్మ, నంబరు, సొసైటీ ముద్ర. కాస్త ఉన్నవాళ్లకి తలుపు, కిటికీ, దూలం, వాసాల జత, నూతి చప్టా అని విడివిడిగా పట్టీ రాసి ధర కట్టాం. ఒక తలుపు బాగుచేయడానికి 6,000. ఎవరింటికి వెళ్లినా వాళ్లు సత్రం దాకా నడిచొచ్చి, తామిచ్చే తలుపు చేత్తో తట్టి చూసుకుని మరీ ఇచ్చారు.

లెక్కల గురించి ఒక మాట. సత్రం వసారాలో నల్లబల్ల పెట్టి ప్రతి ఆదివారం సాయంత్రం ఆ వారం జమ, ఖర్చు సుద్దతో రాసేవాళ్లం. టీ ఖర్చు కూడా. ఒకసారి ఒక చీటీల పుస్తకం కనపడలేదు. 50 చీటీలు, అంటే 2,500 రూపాయలు. దాన్ని ఇంటర్ చదివే ఒక కుర్రాడికి ఇచ్చినట్టు నా నోట్సులో ఉంది. వాడు తిరిగిచ్చేశానన్నాడు. నేను నమ్మలేదు. నమ్మలేదని నోటితో అనలేదు కానీ, బల్ల మీద ‘పుస్తకం నం. 14 రావాలి’ అని రాశాను. అందరికీ అర్థమైపోయింది. పది రోజుల తర్వాత నా స్కూటీ డిక్కీలో రెయిన్‌కోటు కింద దొరికింది. ఆ ఆదివారం అదే బల్ల మీద ‘పుస్తకం నం. 14 నా బండిలోనే ఉంది, తప్పు నాది’ అని రాసి కింద సంతకం పెట్టాను. వాడు మళ్లీ రాలేదు. వాళ్లమ్మ మాత్రం రెండు చీటీలు కొంది. ఈ పని మొత్తంలో నాకు మిగిలిపోయిన బాధ అది.

పన్ను మినహాయింపు చూపించి చందా అడగొచ్చని పట్నంలో జరిగే శిక్షణల్లో చెబుతారు. మా సొసైటీకి 80జి, అంటే చందా ఇచ్చినవాళ్లకి ఆ మినహాయింపు వచ్చే గుర్తింపు, ఉంది. పల్లెలో అది పెద్దగా పనికిరాలేదు. కూలి చేసుకునేవాడు పన్నే కట్టడు. టీచర్లలో చాలామంది కొత్త పన్ను విధానంలోకి మారారు, అందులో 80జి మినహాయింపు లేదు. పలాస జీడిపప్పు వ్యాపారులు కొందరు రసీదు అడిగారు. వాళ్లకి ముందే చెప్పాల్సింది ఏంటంటే, 2,000 దాటిన నగదుకి మినహాయింపు రాదు, చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ అయి తీరాలి. ఒకాయన నోట్లకట్ట తెచ్చి బల్ల మీద పెట్టాక ఇది చెబితే బాగుండదు.

కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు కోసం కూడా ప్రయత్నించాం. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఉంది కాబట్టి అడగడం తప్పు కాదు. ఒక కంపెనీ వాళ్లు మర్యాదగానే మాట్లాడి, సత్రం దగ్గర ఏడాదికి ఎంతమంది ‘లబ్ధిదారులు’ అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. వదిలేశాం.

అమెరికాలో స్థిరపడిన ఈ ఊరి డాక్టరొకాయన ఫేస్‌బుక్‌లో రాతిపలక ఫొటో చూసి రెండు లక్షలు పంపిస్తానన్నారు. సొసైటీలో పండగే. నేనే అడ్డం పడ్డాను. ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఈయన అమెరికా పౌరుడు, భారత మూలాలున్న విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్న మనిషి. అలాంటి డబ్బు ముట్టుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. మా స్థాయి సొసైటీకి ఆ రిజిస్ట్రేషన్ ఇప్పట్లో అయ్యేది కాదు. “పోనీ మా బావమరిది పేరు మీద పంపిస్తాను లెండి” అన్నారాయన. వద్దండి అన్నాను. ఫోనులో కాసేపు నిశ్శబ్దం. కోపమొచ్చిందనుకున్నాను. నెల తర్వాత ఒక కవరొచ్చింది. అందులో వాళ్ల తాతగారి పెళ్లి ఫొటో ఒకటి. పెళ్లివారి వెనకాల సత్రం వసారా, ఆరు స్తంభాలు, పెంకు చూరు, నూతి గిలక. ఆ చూరు కొలతలు మాకు అంతకుముందు తెలియవు, ఫొటో చూసే వడ్రంగి చూరు ఎంత ముందుకి రావాలో తేల్చాడు. రెండు లక్షల కన్నా అదే నయమని అనను గానీ, దాన్ని పెద్దది చేయించి సంక్రాంతికి వసారాలో పెడితే తమ తాతల్ని వెతుక్కోవడానికి వచ్చినవాళ్లు వరస కట్టారు.

సంక్రాంతి మాకు అసలు సీజను. ఉద్దానం కుర్రాళ్లు వెల్డింగు పనులకీ కంపెనీ పనులకీ హైదరాబాదు, ముంబయి, గల్ఫు దాకా వెళ్తారు, పండగకి దిగుతారు. పక్క ఊరి తప్పెటగుళ్ల బృందం వాళ్లు తమ పాటలో సత్రం మీద నాలుగు చరణాలు కట్టారు. గుండెల మీద రేకు తప్పెటలు వాయిస్తూ గెంతుతూ ‘విరోధికృతు’ అనే మాటని వాళ్లు పలికిన తీరు నేను రాయలేను. ముంబయి కుర్రాళ్లు అక్కడికక్కడే వాట్సాప్ గ్రూపు పెట్టి 1 లక్షా 80 వేలు పోగుచేశారు.

ఒక చందా మాత్రం తిప్పి పంపాం. ఊళ్లో బాగా కలిగినాయన వసారా అంతా టైల్స్ పరిపించి, గుమ్మం మీద తన తల్లిదండ్రుల పేర్లతో గ్రానైటు పలక పెట్టిస్తానన్నాడు. ఒక్కడే మూడు లక్షలు. కమిటీలో సగం మంది తీసుకుందామన్నారు. వాళ్లకి నేను శిల్పకళ గురించి చెప్పలేదు. ఆ మూడు లక్షలు తీసుకుంటే 50 రూపాయల చీటీ కొన్నవాళ్ల సత్రం ఆయన సత్రం అయిపోతుందని మాత్రం అన్నాను. దాతలందరి పేర్లూ గోడ మీద కాకుండా ఒక పుస్తకంలో రాసి సత్రంలో పెట్టాలని తేల్చాం. చీటీ కొన్నా దూలం ఇచ్చినా ఒకే సైజు అక్షరాలు. ఆయన కోపంతో వెళ్లిపోయాడు, ఇప్పటికీ నాతో మాట్లాడడు. కమిటీలో ఇద్దరు కూడా తప్పుకున్నారు. సరైన పనే చేశాననుకుంటున్నాను. మూడు లక్షలు చేతికొచ్చినట్టే వచ్చి పోతుంటే ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పని మొదలయ్యే ముందు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: “సిమెంటు కొట్టేస్తే పోద్ది కదమ్మా, ఈ సున్నం పితలాటకం ఏటి?” నోటితో చెబితే ఎవరూ నమ్మరు. టీకొట్టు ముందు రెండు పళ్లేల్లో ఉప్పునీళ్లు పోసి, సత్రం తాలూకు పాత ఇటుకలు రెండు నిలబెట్టాం. ఒకదానికి చుట్టూ సిమెంటు పూత, రెండోదానికి సున్నం పూత. టీ తాగడానికొచ్చిన ప్రతివాడూ రోజూ చూశాడు. సున్నం ఇటుక తడి పీల్చి ఆరుతూ, పూత మీద తెల్లటి ఉప్పు పొడి దులుపుకుంటూ ఉంది. సిమెంటు ఇటుక పైకి శుభ్రంగా ఉంది. నెలన్నర తర్వాత దాని పూతని మేస్త్రీ ఉలితో లేపితే ఇటుక ముఖం కూడా పూతతోపాటు పొడిపొడిగా ఊడొచ్చింది. పాత ఇటుక మెత్తన. గోడలోకెక్కిన తడి బయటికి పోవడానికి సిమెంటు దారివ్వదు, ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకని తినేస్తుంది. అంతా అయ్యాక టీకొట్టాయన ఆ ఇటుకని తీసుకెళ్లి గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాడు. తర్వాత ఆ ఊళ్లోనే రెండు పాత పెంకుటిళ్లవాళ్లు సిమెంటు వద్దని మా మేస్త్రీని పిలిపించుకున్నారు. మా ఖాతాలో రూపాయి పడలేదు గానీ, దాన్ని నేను మా పనిలోనే కలుపుకుంటాను.

మేస్త్రీ దొరకడమే పెద్ద కథ. సున్నం పని తెలిసినవాళ్లు దాదాపు లేరు. చివరికి దొరికినాయన వయసు అరవై దాటింది, చిన్నప్పుడు తండ్రి వెంట సున్నం మోసినవాడు. ఆయన చెప్పినట్టే సున్నాన్ని మూడు వారాలు నీళ్లలో నాననిచ్చాం. సీతంపేట సంత నుంచి కరక్కాయలు తెప్పించి, దంచి, బెల్లంతో కలిపి కుండల్లో పులియబెట్టాం. ఆ నీళ్లతో సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి రుబ్బాలి. పాతకాలం ఎద్దు గానుగ ఎక్కడిది? పిండిమర ఒకటి పాతది కొని మోటారు పెట్టించాం. మేస్త్రీ రుబ్బిన ముద్దని తాపీ మీద తీసుకుని తలకిందులు చేసేవాడు. జారితే “కాలేదు” అనేవాడు. అంటుకుని ఉంటే వేలితో కాస్త తీసి రెండు వేళ్ల మధ్య సాగదీసి, “ఎన్నలాగుంది” అనేవాడు. వెన్నలా ఉందన్నాక మాత్రమే గోడ మీదికెళ్లేది. చీటీలు కొన్నవాళ్లు పనివేళకి వచ్చి తమ గమేళా ఏదో చూపించమని అడిగేవారు. మేస్త్రీ ఏదో ఒక గమేళా చూపించి, “ఇదిగో, నీదే” అనేవాడు. నేను విననట్టు ఊరుకునేదాన్ని.

పనిలో ఒక పొరపాటు జరిగింది. మేస్త్రీ జ్వరంతో నాలుగు రోజులు రాలేదు. పని ఆగిపోతోందని మేమే తొందరపడి ఇంకో మేస్త్రీని పెట్టాం. ఆయన వెనక గది గోడ సందులన్నీ సిమెంటుతో నింపేశాడు. చాలా నున్నగా, ముచ్చటగా ఉంది. మా ముసలాయన తిరిగొచ్చి చూసి ఏమీ అనకుండా ఉలి తీశాడు. ఆ సందులు తవ్వి మళ్లీ నింపడానికి తొమ్మిది రోజులు పట్టింది, 11,000 దండగ. బల్ల మీద ఆ పద్దు కూడా రాశాం.

మొత్తం వసూలు 6 లక్షల 85 వేలు. చీటీల మీద 95 వేలు, తలుపులు దూలాల పట్టీ మీద 2 లక్షల 60 వేలు, వలస కుర్రాళ్లవి 1 లక్షా 80 వేలు, జీడిపప్పు వ్యాపారులవి లక్షన్నర. చీటీల డబ్బు అన్నిటికన్నా తక్కువ. అది లేకపోతే మిగతావి వచ్చేవి కావు. వ్యాపారులు చందా రాసేముందు చీటీల పుస్తకాలు తిరగేసి చూశారు, ఊరివాళ్లు ఎంతమంది ఇచ్చారో లెక్కపెట్టుకున్నారు. ఖర్చు 6 లక్షల 61 వేలు. మిగిలిన 24 వేలు పంచాయతీ, సొసైటీ ఉమ్మడి ఖాతాలో వేసి, ఏటా వెల్ల వేయడానికీ పెంకు సర్దడానికీ మాత్రమే తీయాలని తీర్మానం రాశాం.

ఇప్పుడు సత్రంలో సాయంత్రాలు పిల్లలు చదువుకుంటున్నారు. వరిగడ్డి పెట్టుకునేవాళ్లకి పక్కన పాక వేయించాల్సి వచ్చింది, అది అంచనాలో లేదు. చవితి పందిరి సామాను మాత్రం ఇంకా ఒక మూలన ఉంది, దాన్ని కదిలించే ధైర్యం మాకెవరికీ లేదు. కార్తీకంలో మాల వేసుకున్న స్వాములు వసారాలో పడుకుంటున్నారు. ఎనామిల్ పెయింటు తెచ్చిన ఒక కుర్రాణ్ణి ఆ ఎనిమిదో తరగతి అమ్మాయే, ఇప్పుడు పదో తరగతి, గేటు దగ్గర ఆపేసిందట.

వాయవ్యం మూల రావివేరు పోయిన చోట సన్నని చీలిక ఉంది. దానికి అడ్డంగా ఒక గాజుపలక అతికించి తేదీ రాసి ఉంచాం. గోడ కదిలితే గాజు పగులుతుంది. మొన్నటి వానాకాలం తర్వాత వెళ్లి చూస్తే పగిలి ఉంది. పగులు వెంట్రుకంత. పునాది కింద వేరు కుళ్లిందా, లేక నూతి పక్కన పంచాయతీ తవ్విన కాలువ నీళ్లు అటు దిగుతున్నాయా అన్నది ఇంకా తేలలేదు. మేస్త్రీకి ఫోను చేస్తే కాలువ మీదే అనుమానం అన్నాడు. రెండు వెల్లలు, ఒక పెంకు సర్దుడు పోగా ఖాతాలో 11,200 ఉన్నాయి. కొత్త గాజుపలక అతికించి, ఆదివారం బల్ల మీద ‘వాయవ్యం మూల పగులు - చూడాలి’ అని రాసి వచ్చాను. మర్నాడు టీకొట్టాయన ఫోను చేసి, చీటీల పుస్తకాలు ఇంకా ఉన్నాయేటని అడిగాడు.